యుద్ధానికి ముందటి 48 ఏళ్లు

(కోరీ టెన్ బూమ్ స్మారకోపన్యాసం)



మన ఉజ్జీవ కూటాల్లో, స్త్రీల కూటాల్లో కోరీ టెన్ బూమ్ పేరు తరచు వినబడుతుంది. అయితే వినబడేవి దాదాపు ఎప్పుడూ రెండే ఘట్టాలు. ఒకటి, యూదులను దాచిన గోడ వెనక గది. రెండోది, తాను బందీగా ఉన్న శిబిరంలో కాపలా కాసినవాడికి ఆమె చెయ్యందించడం. రెండూ నిజమే, రెండూ గొప్పవే. కానీ ఆమె బతికింది 91 ఏళ్లు. జర్మన్ సైన్యం హాలండ్‌లో అడుగుపెట్టిన 1940 మే 10 నాటికి ఆమెకి 48 నిండాయి. యుద్ధం అయిదేళ్లు. ఆ తర్వాత మరో 38 ఏళ్లు. ఈ సాయంత్రం నేను ఆ మొదటి 48 ఏళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. యుద్ధకాలంలో ఆమె ఇల్లు చేసిన ప్రతి సాహసానికీ మూలం అంతకుముందు అదే ఇంట్లో ఏళ్ల తరబడి జరిగిన ఏదో ఒక మామూలు పనిలో ఉందని నా నమ్మకం. ఆ మూలాలు వెతకడమే ఈ ప్రసంగం.

హాలండ్‌లోని హార్లెం పట్టణంలో బార్టెల్‌యోరిస్‌స్ట్రాట్ అనే వీధి. అక్కడ 1837లో కోరీ తాతగారు విల్లెం టెన్ బూమ్ గడియారాల కొట్టు పెట్టారు. కింద కొట్టు, పైన కాపురం. వెనకా ముందూ ఉన్న రెండు పాత ఇళ్లను కలిపి ఒకటి చేసిన కట్టడం కాబట్టి ఒక గది గచ్చు ఇంకో గది గచ్చుతో కలవదు; మధ్యలో ఇరుకు మెట్లు మెలికలు తిరుగుతూ పోతాయి. ఆ ఇంటిని వాళ్లు ముద్దుగా ‘బేయే’ అనేవారు. 1844లో తాతగారు ఆ ఇంట్లోనే యూదు ప్రజల కోసం వారం వారం ప్రార్థన కూటం మొదలుపెట్టారు. యూదులను అనుమానంగా, చులకనగా చూడటం యూరప్ క్రైస్తవుల్లో చాలామందికి అలవాటుగా ఉన్న రోజులవి. ఆ ప్రార్థన మొదలైన సరిగ్గా 100 ఏళ్లకు, 1944లో, యూదులను దాచినందుకు ఆ ఇంటి కొడుకునీ మనవలనీ ఆ గుమ్మంలోంచే పట్టుకుపోయారు. నూరేళ్లు ఎవరి క్షేమం కోసం మోకరించారో వాళ్లు వచ్చి తలుపు తడితే ఆ ఇంటికి కొత్తగా ఆలోచించుకోవలసింది ఏముంటుంది?

కోరీ తండ్రి కాస్పర్. గడియారాల పనిలో ఊళ్లో ఆయనకు సాటి లేదు. కచ్చితమైన సమయం తెలుసుకోవడానికి వారానికోసారి రైలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి నావికా వేధశాల గడియారంతో తన గడియారం సరిచూసుకుని వచ్చే మనిషి. పనిలో అంత నిక్కచ్చి, డబ్బు లెక్కలో అంత మరుపు. పాడైన గడియారం కష్టమైనదయితే దాన్ని బాగుచేసిన ఆనందంలో బిల్లు పంపడమే మరిచిపోయేవారట. ఉదయం ఫలహారం కాగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఇంట్లో ఉన్నవాళ్లందరినీ, కొట్లో పనివాళ్లతో సహా, కూర్చోబెట్టి బైబిల్ చదివేవారు. మన ఇళ్లలో కుటుంబ ప్రార్థన అంటామే, అదే. వాన పడినా, బేరం ఉన్నా, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆ వేళ తప్పలేదు.

ఆ ఇంట్లో తల్లిదండ్రులు, నలుగురు పిల్లలే కాక తల్లి అక్కచెల్లెళ్లు ముగ్గురు ఉండేవారు. అందరూ ఒంటరివాళ్లే, చివరిదాకా అక్కడే ఉన్నారు. తర్వాత మిషనరీల పిల్లలు కొందరు ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పెరిగారు. పెద్ద ఆదాయం లేదు. కోరీ తల్లి చారు పల్చన చేసి ఒక పళ్లెం ఎక్కువ పెట్టేది, అంతే.

అక్క బెట్సీకి పుట్టుకతోనే రక్తహీనత జబ్బు. ఆమె కొట్లో లెక్కలు చూసేది, కోరీ వంటిల్లు చూసేది. ఒకసారి బెట్సీ జబ్బుపడితే కోరీ కొట్లో కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నాక తెలిసింది, ఇద్దరూ ఇన్నాళ్లూ ఒకరి పని ఒకరు చేస్తున్నారని. లెక్కాపత్రం కోరీ చేతిలో దారికొచ్చింది. వంటిల్లు బెట్సీ చేతిలో వెలిగింది. అంతటితో ఆగక కోరీ తండ్రి పక్కన బల్ల వేసుకుని పని నేర్చుకుంది. 1922లో హాలండ్‌లో లైసెన్సు పొందిన మొదటి మహిళా గడియారాల పనివారు అయింది. అప్పటికామెకు 30 ఏళ్లు. పెళ్లి కాలేదు, తర్వాత కూడా చేసుకోలేదు. ప్రేమించిన యువకుడు మరో సంబంధం చేసుకున్నాడు. ఆ దుఃఖాన్ని ఆమె దాచలేదు, తన ‘ది హైడింగ్ ప్లేస్’ పుస్తకంలో తానే చెప్పుకుంది.

పెళ్లికాని ఆడపడుచు అనగానే మన సంఘాల్లో కొందరు జాలిపడతారు. ఆ జాలి ఎంత అనవసరమో కోరీ చేసిన పనుల జాబితా చూస్తే తెలుస్తుంది. పగలంతా కొట్టు. సాయంత్రాలు ఊళ్లో ఆడపిల్లల క్లబ్బులు: పాట, వ్యాయామం, నడక, వాటి మధ్య ఒక చిన్న వాక్య ధ్యానం. ఆదివారాలు, మానసిక ఎదుగుదల లేని పిల్లలకు ప్రత్యేకంగా ఆరాధన. ఈ చివరి పని ఆమె దాదాపు ఇరవయ్యేళ్లు చేసింది. ఎవరూ పొగిడింది లేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన తీరంలో జనం ఇళ్లు వదిలి పల్లెలకు పోతున్న ఆ వేసవిలోనే, మే నెలలో ఒక రాత్రి, హార్లెంలో బేయే తలుపు ఎవరో తట్టారు. చేతిలో పెట్టెతో ఒక యూదు స్త్రీ. ఈ ఇంటివాళ్లు యూదులకు సాయం చేస్తారని విని వచ్చానంది. కాస్పర్ ఆమెను లోపలికి రమ్మన్నారు, దేవుని ప్రజలకు ఈ ఇంట్లో ఎప్పుడూ చోటుంటుందన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు క్షణం పట్టలేదు. కొద్ది రోజులకే ఇంకొందరు వచ్చారు.

అప్పుడు ఎదురైన మొదటి చిక్కు ధైర్యం గురించి కాదు, తిండి గురించి. సరుకులన్నీ రేషన్ కార్డు మీదే. యూదులకు కార్డుల్లేవు. కార్డులెక్కడ దొరుకుతాయని కోరీ ఆలోచిస్తే ఆహార శాఖ ఆఫీసులో పనిచేసే ఒకాయన మనసులో మెదిలాడు. ఆయన కూతురు ఆ ఆదివారపు ఆరాధనకు వచ్చే పిల్లల్లో ఒకతె. కోరీ ఒక రాత్రి వాళ్లింటికి వెళ్లింది. అయిదు కార్డులు అడుగుదామనుకుంది. నోరు తెరిస్తే నూరు అని వచ్చింది. ఆయన తన ఆఫీసులో దొంగతనం జరిగినట్టు నాటకమాడి, ఆ నాటకం నమ్మించడానికి దెబ్బలు కూడా తిని, నూరు కార్డులు తెచ్చిచ్చాడు. ప్రాణానికి ముప్పు ఉన్న పని అది. ఆయన ఆమెను ఎందుకు నమ్మాడు? తన బిడ్డను మనిషిగా చూసిన మనిషి అడిగింది గనక. ఆ ఆదివారాలే లేకపోతే ఆ కార్డులు లేవు, ఆ కార్డులే లేకపోతే ఆ ఇంట్లో ఆశ్రయం లేదు. నిలువుటద్దం లాంటి పెద్ద సంఘటనల్ని చూస్తాం గానీ వాటిని గోడకు పట్టి ఉంచిన చిన్న మేకుల్ని చూడం. కోరీ జీవితంలో ఆ ఆదివారాలు అలాంటివి.

ఆ కార్డుల్ని మెట్ల కింద ఒక మెట్టు లోపల దాచేవారు. కిటికీలో ఒక గడియారాల కంపెనీ ముక్కోణపు బోర్డు నిలబెట్టి ఉంటే లోపలికి రావచ్చునని అర్థం, తీసేసి ఉంటే ప్రమాదమని. ఫోనులో గడియారాల మాటల్లోనే సంగతులు నడిచేవి. గడియారాల కొట్టులోకి ఎవరెవరో రావడం పోవడం వింతేమీ కాదు కదా! నూరేళ్ల వ్యాపారమే వాళ్లకు మరుగైంది.

గోడ వెనక గది 1943లో కట్టారు. ఇంటి పై అంతస్తులో, కోరీ పడకగదిలో. ఇటుకలు ఒకేసారి తెస్తే అనుమానం వస్తుందని గడియారం పెట్టెల్లోనూ, వార్తాపత్రికల్లో చుట్టిన పొట్లాల్లోనూ కొన్ని కొన్నిగా తెచ్చారు. చెక్క గోడయితే తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుంది, అందుకని ఇటుక గోడ. వెడల్పు రెండున్నర అడుగులు. మనిషి నిలబడవచ్చు, మహా అయితే కూర్చోవచ్చు. గుడ్డల బీరువా కింది అర వెనక పలకను పైకి జరిపి, పాక్కుంటూ లోపలికి పోవాలి. కొత్త గోడను నూరేళ్ల పాత గోడలా కనిపించేట్టు మరకలతో రంగేశారు. ఇదంతా అయ్యాక అసలు పని మొదలైంది: సాధన. గంట మోగగానే భోజనం దగ్గరున్నవాళ్లు లేచి, తమ పళ్లెం, తమ గ్లాసు లేకుండా చేసి, పైకెక్కి దూరాలి. నిద్రలో ఉంటే లేచి పరుపు తిరగేసి వెళ్లాలి. మనిషి పడుకున్న వైపు వెచ్చగా ఉంటుంది, సోదా చేసేవాళ్లు ముందు చెయ్యి పెట్టి చూసేది అక్కడే. ఇన్ని సెకన్లలో అయిపోవాలని గడియారం పట్టుకుని లెక్కపెట్టేవారు.

ఉబ్బసం ఉన్న ఒక యూదు స్త్రీ ఆ ఇంట్లో దాక్కోవడానికి వస్తానంది. ఆమె ఆయాసపు శబ్దం అందరి ప్రాణం మీదికీ తేవచ్చు. ఇంట్లో ఉన్న యూదు అతిథులనే ఓటు వెయ్యమన్నారు. అందరూ ఆమెను రానిమ్మన్నారు. కోరీ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. ఈ కథలో ధైర్యం ఒక్క టెన్ బూమ్‌లదే కాదు. పోగొట్టుకోవడానికి ప్రాణం తప్ప ఏమీ మిగలని ఆ యూదులు ఇంకొకరి కోసం దాన్ని కూడా పణంగా పెట్టారు. మనం చెప్పే కథల్లో వాళ్లు తరచు పేరులేని బాధితులుగానే మిగిలిపోతారు. అది వాళ్లకు న్యాయం కాదు. రాత్రిళ్లు ఆ ఇంట్లో సంగీతం, నాటకం, హీబ్రూ పాఠాలు నడిచేవి. వాళ్లు తమ పండుగ చేసుకుంటే ఇంటివాళ్లూ కూర్చునేవారు.

అబద్ధం ఆడవచ్చునా అనే ప్రశ్న మీద ఆ కుటుంబం ఒక్కమాట మీద లేదు. ఇది దాచవలసిన సంగతి కాదు. కోరీ చిన్నక్క నోలీ ఏం జరిగినా అబద్ధం ఆడనని పట్టుబట్టిన మనిషి. పోలీసులు ఆమె ఇంటికొచ్చి, అక్కడ ఆశ్రయం పొందిన అమ్మాయిని చూపించి యూదురాలా అని అడిగితే అవునంది. ఆ పిల్లనూ పట్టుకుపోయారు, నోలీనీ జైల్లో పెట్టారు. దేవుడు ఆ పిల్లకు ఏ కీడూ రానివ్వడని నోలీ జైలునుంచి కబురు పంపింది. కొద్దిరోజులకు ప్రతిఘటన దళంవాళ్లు ఆ పిల్లను ఆమ్‌స్టర్‌డామ్‌లోని బందిఖానా నుంచి తప్పించారు. నోలీ విశ్వాసం ముందు నేను తలవంచుతాను. కానీ ఆ రోజు ఆమె చేసింది సరైనదని చెప్పలేను. హరిశ్చంద్రుణ్ని ఇంతగా తలుచుకునే మన జాతిలోనే, పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ప్రాణభంగం వచ్చే చోట బొంకడం పాపం కాదని చెప్తాడు. నిర్గమకాండంలో హీబ్రూ మంత్రసానులు ఫరోకు నిజం చెప్పలేదు. యెరికోలో రాహాబు వేగులవాళ్లను మిద్దె మీద జనపకట్టె కింద దాచి రాజభటులను మరో దారి పట్టించింది. కోరీ ఈ రెండో వరసలో నిలబడింది. నేనూ అక్కడే నిలబడతాను.

1944 ఫిబ్రవరి 28. సాయం కావాలని వచ్చిన ఒక డచ్చివాడే జర్మన్ రహస్య పోలీసులైన గెస్టపోకు సమాచారం ఇచ్చాడు. ఆ వేళ కోరీ జ్వరంతో పడుకుని ఉంది. గంట మోగింది, అతిథులు గదిలోకి దూరారు. జైలుకు పోవలసి వస్తే తీసుకుపోదామని ఆమె ఒక సంచి సర్ది పెట్టుకుంది: బైబిలు, పెన్సిలు, సూదీదారం, సబ్బు, మందులు. కంగారులో ఆ సంచిని రహస్యపు పలక ముందే పడేసింది. తనను లేపి తీసుకుపోతున్నప్పుడు ఆ సంచి కళ్ల ముందే ఉంది. దాన్ని అందుకోవడానికి వంగితే వాళ్ల చూపు ఆ అర మీద పడుతుంది. వదిలేసి వెళ్లింది. గోడ వెనకున్న ఆరుగురూ దొరకలేదు. దాదాపు రెండు రోజులు అలాగే ఉండి, కాపలాకు వచ్చిన మనసున్న డచ్ పోలీసుల సాయంతో బయటపడ్డారు.

ఎనభై నాలుగేళ్ల కాస్పర్‌ను చూసి, ఇకమీద ఇలాంటి పనులు చేయనంటే ఇంటికి పంపుతామన్నారు. ఇంటికి పోతే రేపు మళ్లీ తలుపు తీస్తానన్నారాయన. పదిరోజులకు, మార్చి 9న, బందీగానే కన్నుమూశారు. ఆ సంగతి ఏకాంతఖైదులో ఉన్న కోరీకి నోలీ ఉత్తరం ద్వారా తెలిసింది. కవరు మీద అడ్రసు వింతగా స్టాంపు వైపు వాలి ఉండటం చూసి, తడిపి స్టాంపు ఊడదీస్తే దాని కింద చీమతలకాయంత అక్షరాలు: బీరువాలోని గడియారాలన్నీ భద్రంగా ఉన్నాయని. తండ్రి పోయిన వార్త, దాచిన ప్రాణాలు దక్కిన వార్త ఒకే కవరులో వచ్చాయి.

విచారణలో జర్మన్ లెఫ్టినెంటు ఆమె చేసే పనుల గురించి అడిగాడు. ఆమె ఆ పిల్లల ఆరాధన గురించి చెప్పింది. అలాంటివాళ్ల మీద కాలం వృథా చేయడమెందుకన్నాడతను. అలాంటివాళ్లను వేల సంఖ్యలో చంపించిన ప్రభుత్వం తాలూకు అధికారి అతను. దేవుని లెక్క వేరని, మీకంటే నాకంటే ఆ బిడ్డ ఆయనకు విలువైనది కావచ్చునని ఆమె ముఖాన చెప్పింది. మర్నాడు అతనే ఆ మాట మీద ఇంకా వినాలని వచ్చాడు. ఇరవయ్యేళ్లు ఎవరూ చూడకుండా చేసిన పని ఆ గదిలో ఆమెకు నోరిచ్చింది.

జూన్‌లో అక్కచెల్లెళ్లను వుఖ్ట్ శిబిరానికి పంపారు. కోరీకి రేడియో భాగాలు కూర్చే పని. చేతిలో సన్నపని పడగానే గడియారాల పనివారి బుద్ధి ఊరుకోదు. శ్రద్ధగా, లోపం లేకుండా చేసింది. ఖైదీల్లో ఒకడైన మేస్త్రి వచ్చి, ఇవి శత్రువుల యుద్ధవిమానాలకు పోయేవని గుర్తుచేసి, కావాలని తీగలు తప్పు కలపడం నేర్పాడు. చెడగొట్టడం కూడా ఆమె ఒక పనిగానే నేర్చుకుంది.

సెప్టెంబరులో జర్మనీలోని రావెన్స్‌బ్రుక్ శిబిరం. దాని గురించి మీరు చాలా విన్నారు. మిన్నల్లుల కథ కూడా. గదినిండా మిన్నల్లులు ఉండబట్టే కాపలావాళ్లు లోపలికి రాలేదనీ, అందుకే ఆ గదిలో దాచి తెచ్చిన బైబిలు చదువుకోగలిగారనీ. నేను ఒక్క సంగతే చేరుస్తాను. ఆ చదువు డచ్చిలో మొదలై, జర్మన్‌లోకి, అక్కడినుంచి ఫ్రెంచి, పోలిష్, రష్యన్, చెక్ భాషల్లోకి నోటి నుంచి నోటికి పోయేది. బార్టెల్‌యోరిస్‌స్ట్రాట్‌లో రాత్రి ప్రార్థన వేళ ఎన్నడూ తప్పలేదని చెప్పానే, అది ఇక్కడా తప్పలేదు. డిసెంబరు 16న బెట్సీ 59 ఏళ్ల వయసులో అక్కడే చనిపోయింది. ఆ నెలాఖరున కోరీ విడుదలైంది; అది గుమాస్తా పొరపాటని ఆమెకు తర్వాత తెలిసింది. అన్న విల్లెం జైల్లో అంటుకున్న క్షయతో 1946లో పోయారు. ఆయన కొడుకు శిబిరం నుంచి తిరిగి రాలేదు. హాలండ్‌లో ఉన్న దాదాపు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా హతమయ్యారు. బేయే కాపాడిన ప్రాణాలను ఈ అంకె పక్కన పెట్టి చూడటం కష్టం. కానీ చూడాలి.

యుద్ధం అయ్యాక ఆమె బ్లూమెన్‌దాల్‌లో శిబిరాల నుంచి వచ్చినవాళ్లకు ఒక ఇల్లు తెరిచింది. అంతకంటే కష్టమైన పని ఇంకోటి చేసింది. నాజీలతో చేతులు కలిపినందుకు ఊరంతా వెలివేసిన డచ్చివాళ్లకు చోటు లేకపోతే తన బేయే తలుపు తీసింది. తనను పట్టిచ్చినవాడికి మరణశిక్ష పడిందని తెలిసి, క్షమించానని ఉత్తరం రాసింది. 1947లో మ్యూనిక్ చర్చిలో జరిగింది మీకు తెలుసు. రావెన్స్‌బ్రుక్ కాపలావాడు చెయ్యి చాచాడు. చెప్పేవాళ్లు సాధారణంగా ఆమె చెయ్యి అందుకోవడం దగ్గర చప్పట్లు కొట్టిస్తారు. అంతకుముందు ఆ చెయ్యి లేవలేదన్నది ముఖ్యం. అప్పుడే క్షమాపణ మీద ప్రసంగించి దిగిన మనిషి చెయ్యి కొయ్యబారిపోయింది. తన వల్ల కాదని ప్రార్థించాకే కదిలింది. పైగా ఆమె క్షమించింది తనకు, తన అక్కకు జరిగినదాన్ని. చనిపోయిన యూదుల తరఫున ఎవరినీ క్షమించే అధికారం తనకుందని ఆమె అనుకోలేదు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడదానికి ఈ కథ చెప్పి సర్దుకుపొమ్మనే కాపరులు ఉంటే దయచేసి మానండి. కోరీ క్షమించేనాటికి ఆ శిబిరం లేదు, ఆ కాపలావాడి చేతిలో కొరడా లేదు.

తర్వాత మూడు దశాబ్దాలు పెట్టె సర్దుకుని 60కి పైగా దేశాలు తిరిగింది. 1967లో ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ స్మారక సంస్థ ఆమెను గౌరవించింది. తండ్రికీ అక్కకీ ఆ గౌరవం దక్కడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1971లో ‘ది హైడింగ్ ప్లేస్’ పుస్తకం, 1975లో సినిమా. ఇవన్నీ తెలిసినవే, ఆగను.

ఆగవలసిన చోటు ఇంకొకటి ఉంది. కోరీ తల్లికి 1918లో పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లు ఆమె నోట మూడే మాటలు: అవును, కాదు, కోరీ. కూతుర్ని పిలుస్తుండగా పడిపోయింది కాబట్టి ఆ పేరు మిగిలింది. ఊళ్లో ఎవరి పుట్టినరోజయినా అంతకుముందు ఆమె మరిచేది కాదు. పడ్డాక కూడా మరవలేదు. కిటికీలోంచి ఎవరినో చూసి కోరీ అంటుంది. కూతురు పక్కన కూర్చుని ఒక్కొక్క పేరే అడగాలి. వాళ్లా? కాదు. వీళ్లా? అవును. పుట్టినరోజా? అవును. అప్పుడు కూతురు శుభాకాంక్షలు రాస్తే, తల్లి వణికే వేళ్లతో సంతకం చేసేది. మాటలు పోయినా తల్లి ప్రేమించడం ఆగలేదని కోరీ ఆ మూడేళ్లలో నేర్చుకుంది.

1978లో, కాలిఫోర్నియాలోని ప్లసెన్షియాలో ఉండగా, కోరీకీ పక్షవాతం వచ్చింది. ప్రపంచమంతా మాట్లాడిన నోరు మూగబోయింది. మళ్లీ రెండుసార్లు వచ్చి మంచం పట్టించింది. అయిదేళ్లు. ఆమెకు తోడుగా ఉండి సేవచేసిన పమేలా రోజ్‌వెల్ తర్వాత ఆ అయిదేళ్ల గురించే ఒక పుస్తకం రాశారు. ఇప్పుడు కోరీ ఏం చెప్పదలచుకుందో పక్కనున్నవాళ్లు ఒక్కొక్కటే అడగాలి. ఫలానావాళ్ల సంగతా? ఉత్తరమా? ప్రార్థన చేయాలా? ఆమె తలతోనో చూపుతోనో అవునంటుంది, కాదంటుంది. అరవై ఏళ్ల కిందట తల్లి మంచం పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నలకు ఇప్పుడు తానే జవాబు చెప్పాలి. సేవలు, ప్రసంగాలు, పుస్తకాలు అన్నీ అయిపోయాక ఆ అయిదేళ్లు ఆమె ఎందుకు బతికిందని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్న ఆ ఇంటికి తగదు. మంచాన ఉన్న తల్లి అక్కచెల్లెళ్లకు, తల్లికి, జబ్బు అక్కకు, ఎదుగుదల లేని పిల్లలకు, తలుపు తట్టిన పరాయివాళ్లకు బేయేలో ఆ ప్రశ్న ఎన్నడూ ఎవరూ వెయ్యలేదు.

1983 ఏప్రిల్ 15న, తన 91వ పుట్టినరోజు నాడు, ఆమె కన్నుమూసింది. శాంటా అనాలో సమాధి చేశారు.